ముక్కలు ముక్కలుగా దొరికిన పొద్దు: నెబ్రాస్కా రైతు ఇల్లాలి సూదీ దారం

తెలుగు పేపర్లలో ‘అతుకుల బొంత’ అనే మాట కనిపించిందంటే అది మెచ్చుకోలు కాదు. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే అతుకుల బొంత. పొంతన లేని సన్నివేశాలతో సినిమా తీస్తే అతుకుల బొంత. చేతికి దొరికినదల్లా తెచ్చి ఎలా పడితే అలా అతికించేశారని దాని అర్థం. బొంత కుట్టిన చేతులకు మాత్రం వేరే సంగతి తెలుసు. పాత చీరలో ఎక్కడ బట్ట ఇంకా గట్టిగా ఉంది, ఎక్కడ పల్చబడింది, ఏ ముక్క అంచుకు వేయాలి, ఏది లోపలికి పోవాలి అన్న లెక్క తప్పితే బొంత రెండు చలికాలాలు కూడా నిలవదు.

ఆ లెక్కతోనే బతుకంతా గడిపిన ఆడవాళ్ళు అమెరికా గడ్డి మైదానాల్లో, అంటే ప్రెయిరీల్లో, లక్షల మంది ఉన్నారు. వాళ్ళలో పేరు మిగిలిన కొద్దిమందిలో గ్రేస్ స్నైడర్ ఒకరు. 1882లో మిస్సోరీలో పుట్టింది. మూడేళ్ళ వయసులో తల్లిదండ్రులతో నెబ్రాస్కా రాష్ట్రంలోని కస్టర్ కౌంటీకి వచ్చింది. కొన్నాళ్ళు పల్లె బడుల్లో పాఠాలు చెప్పింది. 1903లో బర్ట్ స్నైడర్ అనే కౌబాయ్‌ని పెళ్ళి చేసుకుని, అక్కడి ఇసుకదిబ్బల మధ్య పశువులు పెంచే క్షేత్రంలో కాపురం పెట్టింది. పిల్లల్ని పెంచింది. నూరేళ్ళు బతికి 1982లో పోయింది. 1942, 43 సంవత్సరాల్లో ఆమె కుట్టిన ఒక క్విల్ట్‌లో, అంటే అక్కడి అతుకుల బొంతలో, 85 వేలకు పైగా బట్టముక్కలున్నాయి. ఆ రెండేళ్ళలో ఒక్క రోజు కూడా సూది పక్కన పెట్టలేదనుకున్నా రోజుకు వందకు పైగానే ముక్కలు అతకాలి.

ఈ అంకె వినగానే ‘ఎంత ఓపికో!’ అంటారు ఎవరైనా. ఓపిక నిజమే. కానీ ఆ ఒక్క మాటతో ఆపేస్తే అసలు విషయం తప్పిపోతుంది. పొద్దున లేచింది మొదలు పశువులు, కోళ్ళు, పొయ్యి, పిల్లలు, బట్టలు అంటూ తిరిగే మనిషికి ఆ పని చేసే వీలు ఎలా దొరికింది? అదీ నేత, చెక్కపని, బొమ్మలు గీయడం లాంటివి కాకుండా సరిగ్గా ఈ ముక్కల పనే ఆ నేల మీద ఆడవాళ్ళకు ఎందుకు అంత దగ్గరైంది? జవాబు కోసం ఆ నేలనూ, అక్కడి చట్టాన్నీ, ఆ ఇంటి పొద్దునూ కొంచెం దగ్గరగా చూడాలి.

1862లో అబ్రహాం లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ఇంటి పెద్ద అయినవాళ్ళు గానీ, 21 ఏళ్ళు నిండిన ఒంటరివాళ్ళు గానీ 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయిదేళ్ళు అక్కడే ఉండి సాగు చేస్తే భూమి సొంతమవుతుంది. ‘అక్కడే ఉండి’ అన్న షరతు దగ్గరే ఆడవాళ్ళ కథ మొదలవుతుంది. మన పల్లెల్లో ఇళ్ళన్నీ ఒకచోట, పొలాలు ఊరి బయట. పొలం ఎంత దూరమైనా సాయంత్రానికి నలుగురి మధ్యకు వచ్చి పడతాం. ప్రెయిరీలో అలా కుదరదు. ఎవరి ఇల్లు వారి పొలం నడుమనే ఉండాలి. 160 ఎకరాలంటే అటు అర మైలు, ఇటు అర మైలు. పక్కింటి పొగ కనిపిస్తుంది, మనిషి మాట వినిపించదు. పశ్చిమ నెబ్రాస్కా ఇసుకదిబ్బల్లో పంట సరిగా పండదని 1904లో కిన్‌కేడ్ చట్టం తెచ్చి దీన్ని 640 ఎకరాలకు పెంచారు. అంటే ఒక్కో కుటుంబానికి చదరపు మైలు. గ్రేస్ కాపురం చేసింది అలాంటి చోటే. ప్రెయిరీ ఆడవాళ్ళ ఒంటరితనం గురించి చాలామంది రాశారు. ఆ ఒంటరితనంలో సగం గాలీ గడ్డీ తెచ్చినది కాదు, చట్టం గీసిన గళ్ళు తెచ్చినది.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. పెళ్ళికాని ఆడవాళ్ళు, వితంతువులు తమ పేరుతో భూమికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెట్టుకున్నారు కూడా. పెళ్ళయి మొగుడితో ఉన్న మనిషికి మాత్రం ఆ వీలు లేదు, ఎందుకంటే చట్టం దృష్టిలో ఇంటి పెద్ద ఆమె కాదు. పట్టా భర్త పేరు మీదే వచ్చేది. 1880 జనాభా లెక్కల పుస్తకాల్లో రైతు భార్య పేరు పక్కన వృత్తి గడిలో ఒకటే మాట: ఇల్లు చూసుకుంటుంది. ఆ ‘చూసుకోవడం’లో ఏమేం ఉండేవో ఆ గడిలో పట్టదు.

చెట్లు లేని నేల కాబట్టి ఇళ్ళు మట్టితోనే కట్టారు. గడ్డివేళ్ళు గట్టిగా అల్లుకున్న నేలను ప్రత్యేకమైన నాగలితో పొరలా కోసి, ఇటుకల్లా నరికి, రెండు మూడడుగుల మందాన గోడలు లేపేవాళ్ళు. అలాంటి ఇల్లు చలికి వెచ్చగా, ఎండకు చల్లగా ఉండేది. కప్పు మాత్రం ఇల్లాలి ప్రాణం తీసేది. వాన వెలిసిపోయాక కూడా లోపల కారుతూనే ఉండేది. ఎండాకాలంలో మట్టి రాలేది. కూరలో, ఊయలలో, మంచం మీద పడకుండా కప్పు కింద బట్ట కట్టేవాళ్ళు. కట్టెలు లేవు కాబట్టి వంటకు ఏరుపిడకలు. ఈ మాట తెలుగువాళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదు. మైదానంలో ఎండిపోయిన పేడను, మొదట్లో అడవిదున్నలదీ తర్వాత ఆవులదీ, గోనెల్లో ఏరి తెచ్చుకోవడం ఆడవాళ్ళ పని, పిల్లల పని. కస్టర్ కౌంటీ మెరక నేలల్లో బావి తవ్వాలంటే వందల అడుగులు దిగాలి. బావి పడేదాకా పీపాల్లో నీళ్ళు మోసుకురావాల్సిందే.

డబ్బు విషయానికి వస్తే, పంట డబ్బు ఏడాదికోసారి వచ్చేది, కరువొస్తే అదీ లేదు. 1890ల కరువులో ఎందరో బండ్లు వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయారు. వారం వారం ఇంట్లోకి వచ్చేది మాత్రం ఇల్లాలి కోడిగుడ్లు, వెన్న. వాటిని ఊళ్ళో కొట్లో ఇచ్చి కాఫీ, పంచదార, కిరసనాయిలు, దారం తెచ్చుకునేవాళ్ళు. చీటీలో దారం కూడా ఉందని గమనించాలి. అన్నీ తగ్గించుకున్న కరువు రోజుల్లో కూడా చాలా ఇళ్ళలో దారం చీటీలో నిలిచే ఉండేది. సూదిపని అక్కడ సరదా కాదు. చొక్కా, లంగా, దుప్పటి, పిల్లల గుడ్డలు, చిరిగిన మేజోళ్ళు అన్నీ ఆ సూది మీదుగానే వెళ్ళాలి.

ఇప్పుడు పొద్దు సంగతి. పాలు పితకడానికీ, పొయ్యి రాజేయడానికీ మధ్య పావుగంట. రొట్టె పిండి పొంగేలోపు అరగంట. బిడ్డ నిద్రపోతే ఎంతసేపో చెప్పలేం. ప్రెయిరీ ఇల్లాలికి ఖాళీ అంటూ దొరికితే ఇలా ముక్కలు ముక్కలుగానే దొరికేది. మగ్గం ముందు కూర్చోవాలంటే గంటలు కావాలి, స్థలం కావాలి, మధ్యలో లేస్తే పోగు చెదురుతుంది. క్విల్ట్ పని అలా కాదు. అది బ్లాక్‌ల పని. జానెడో, కొంచెం ఎక్కువో ఉండే చదరంలో నాలుగో తొమ్మిదో ముక్కలు. ఆ చదరం ఏప్రాన్ జేబులో పడుతుంది. రెండు ముక్కల అంచులు కలిపి ఒక వరస కుట్టడానికి అయిదు నిమిషాలు. పిలుపు వస్తే సూది అక్కడే గుచ్చి లేవొచ్చు. రెండు రోజుల తర్వాత తీసినా ఎక్కడ ఆపిందో అక్కడే ఉంటుంది. అలా ముప్ఫై నలభై చదరాలు పోగయ్యాక అవన్నీ కలిస్తే మంచమంత బట్ట. బట్ట ముక్కలుగా దొరికింది, పొద్దూ ముక్కలుగానే దొరికింది. రెంటినీ కలపగల పని అదొక్కటే. ఈ చేతిపని అక్కడ అంతగా నిలవడానికి అసలు కారణం ఇదే. పేదరికం, సంప్రదాయం అని చెప్పే మిగతా కారణాలు దాని తర్వాతే.

గ్రేస్ ఈ పని నేర్చుకున్నది పశువుల వెంట తిరుగుతూనే. కంచెలు లేని రోజుల్లో ఆవులు పంట మీద పడకుండా చూడటం చిన్నపిల్లల పని. పగలంతా మైదానంలో కూర్చోవాలి. తల్లి ఇచ్చిన నాలుగు గుడ్డముక్కలు పట్టుకెళ్ళి అక్కడే కుట్టేది. ముక్కలు విలువైనవి కాబట్టి కుట్టు సన్నగా, సమంగా రావాలని తల్లి పట్టుబట్టేది. ఆ వయసులోనే తనకు మూడు కోరికలుండేవని పెద్దయ్యాక చెప్పింది. లోకంలోకెల్లా అందమైన క్విల్ట్‌లు కుట్టాలి, కౌబాయ్‌ని పెళ్ళి చేసుకోవాలి, మేఘాన్ని పైనుంచి చూడాలి. ఆమె చెబుతుంటే కూతురు నెల్లీ స్నైడర్ యోస్ట్ రాసిపెట్టిన జ్ఞాపకాలు 1963లో పుస్తకంగా వచ్చాయి. ఆవుల వెంట తిరిగే పిల్ల కోరికల్లో పెళ్ళి కంటే ముందు క్విల్ట్ ఉంది.

ముక్కలు కలపడం పనిలో సగమే. పైన అతుకుల బట్ట, మధ్యలో దూదో ఉన్నో, అడుగున మామూలు బట్ట, ఈ మూడు పొరలనూ పట్టి ఉంచేలా టాకాలు వేయాలి. మన బొంతకు వేసే టాకాలే, కాకపోతే ఇంకా సన్నవి. చేయి తిరిగిన మనిషి అంగుళానికి పది పన్నెండు టాకాలు వేసేది. దీనికి నాలుగు చెక్కల చట్రం కావాలి. చిన్న ఇంట్లో దాన్ని పరిస్తే నడవడానికి చోటుండదు. అందుకని చట్రాన్ని తాళ్ళతో కప్పుకు వేలాడదీసి, రాత్రి భోజనాల వేళకు పైకి లాగేసేవాళ్ళు. పగలు మళ్ళీ దించుకోవడం. ఈ పని ఒక్కరు చేస్తే నెలలు. ఎనిమిది మంది చుట్టూ కూర్చుంటే రోజో రెండు రోజులో. మైళ్ళ దూరం నుంచి బండ్లు కట్టుకుని ఆడవాళ్ళు వచ్చేది ఇందుకే. పురుళ్ళ కబుర్లు, పెళ్ళి సంబంధాలు, మందులు, విత్తనాలు, ఎవరింట్లో ఏ కష్టం వచ్చిందో, అన్నీ ఆ చట్రం చుట్టూనే నడిచేవి. చట్టం దూరంగా విసిరేసిన ఇళ్ళను ఒక దుప్పటి దగ్గరకు చేర్చిందన్నమాట. ఊరి రచ్చబండ మగవాళ్ళది. ఆ మైదానంలో ఆడవాళ్ళకు రచ్చబండ లాంటిది ఏదైనా ఉందంటే ఈ చట్రమే.

అలాగని సూది పట్టుకుంటే దిగులు పోయిందనుకోవడం తప్పు. పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళు, ఆ గాలి హోరు భరించలేక మనసు చెదిరినవాళ్ళు చాలామంది. 1888 జనవరి 12న హఠాత్తుగా విరుచుకుపడిన మంచుతుఫానులో బడి నుంచి ఇంటికి బయల్దేరిన పిల్లలు ఎందరో దారి తప్పి గడ్డకట్టి చనిపోయారు. ఆ ఇళ్ళల్లో ఆ తర్వాత కుట్టిన బొంతల గురించి ఎవరూ రాసిపెట్టలేదు. చేతికి ఏదో ఒక పని ఉండటం వేరు, ఊరట దొరకడం వేరు.

ఆ భూమి ఖాళీగా పడి ఉన్నదీ కాదు. నెబ్రాస్కాలో తరతరాలుగా ఉన్న పానీ తెగవాళ్ళను 1870లలో దక్షిణాన, ఇప్పటి ఓక్లహోమాకు పంపేశారు. లకోటా తెగను రిజర్వేషన్లలో కట్టడి చేశారు. లకోటా ఆడవాళ్ళు మిషనరీల దగ్గర క్విల్ట్ కుట్టడం నేర్చుకుని, దాని నడుమ వేకువచుక్కను నిలిపారు. అడవిదున్నలను వేటాడి తుడిచిపెట్టేశాక, ఒకప్పుడు దున్న తోలు దుప్పటి కప్పి గౌరవించే చోట ఈ చుక్కల క్విల్ట్ వచ్చింది. ఇప్పటికీ చావుకూ, పేరు పెట్టే వేడుకకూ, గెలిచొచ్చిన పిల్లలకూ దాన్నే కప్పుతారు. ప్రెయిరీ సూదిపని అనగానే వలస రైతుల ఇళ్ళే గుర్తు చేసుకుంటే ఈ సగం మరుగున పడుతుంది.

ఇంకో అపోహ కూడా బలంగా ఉంది. క్విల్ట్ అంటే చిరిగిన పాత బట్టలతో పేదవాళ్ళు కుట్టుకున్నదని. కానీ నిజంగా ఏమీ లేని ఇంట్లో ముక్కలు కూడా మిగలవు. బట్ట అరిగేదాకా తొడుక్కుంటారు, ఆ తర్వాత పిల్లలకు కోసి కుడతారు, ఆ తర్వాత మసిగుడ్డ. అతుకుల క్విల్ట్‌లు ఇంటింటా పెరిగింది 19వ శతాబ్దం నడుమ నుంచి, మిల్లు బట్ట చవకై, ఇంట్లోనే గౌన్లు కుట్టుకుంటే కత్తిరింపులు మిగలడం మొదలయ్యాక. రైలొచ్చింది, దానితో పోస్టులో వచ్చే క్యాటలాగులొచ్చాయి. కాన్సస్ సిటీ స్టార్ పత్రిక 1928 నుంచి 1961 దాకా క్విల్ట్ డిజైన్లు అచ్చు వేసింది. పల్లె ఇల్లాళ్ళు వాటిని కత్తిరించి దాచుకున్నారు, తమ సొంత డిజైన్లు పత్రికకు పంపారు కూడా.

ఆ డిజైన్ల పేర్లు చదువుతుంటే ఒక ఇంటి చుట్టూ తిరిగినట్టే ఉంటుంది. కవ్వం, ఎలుగుబంటి పాదం, రంపపు పళ్ళు, ఎగిరే బాతులు, కాన్సస్‌కు గతుకుల దారి. ‘తాగుబోతు దారి’ అనే డిజైన్ కూడా ఒకటుంది. పావు వంతు సున్నాలు వంకరటింకరగా నడుస్తాయి. సారాకు వ్యతిరేకంగా ఆడవాళ్ళు సంఘాలు పెట్టిన రోజుల్లో ఆ డిజైన్‌కు బాగా ఆదరణ ఉండేది. సభలో లేచి మాట్లాడలేని మనిషి కూడా దాన్ని కుట్టి మంచం మీద పరవగలదు.

ఇక సంచుల సంగతి. ఇది కొంచెం తీరిగ్గా చెప్పుకోవాల్సింది. 19వ శతాబ్దం నడుమ దాకా పిండి, పంచదార, దాణా చెక్క పీపాల్లో వచ్చేవి. కుట్టుమిషన్ వచ్చి సంచి కుట్టును గట్టిగా వేయగలిగాక నూలు సంచులు మొదలయ్యాయి. పీపా ఖాళీ అయితే పీపాయే. సంచి ఖాళీ అయితే బట్ట. వంద పౌన్ల దాణా సంచిని విప్పి పరిస్తే గజం పైచిలుకు వస్తుంది. మూడు సంచులుంటే ఒక గౌను. సంచి నోరు గొలుసుకుట్టుతో వేస్తారు. సరైన కొస పట్టుకుని లాగితే మొత్తం కుట్టు సర్రున ఊడొస్తుంది. తప్పు కొస లాగితే ముడిపడి కూర్చుంటుంది. ఊడొచ్చిన దారాన్ని ఉండ చుట్టి అల్లికకు దాచేవాళ్ళు, పారేసే ప్రశ్నే లేదు. కంపెనీ పేరు, బొమ్మ పోవాలంటే పందికొవ్వో కిరసనాయిలో రాసి నానబెట్టి, క్షారపు సబ్బుతో ఉడికించాలి. అయినా కొన్నిటికి నీడలా అక్షరాలు మిగిలేవి. అలాంటివి క్విల్ట్ అడుగుబట్టకు పోయేవి.

ఇల్లాళ్ళు ఈ బట్ట వాడుతున్నారని మిల్లుల వాళ్ళకు తెలిసింది. 1920ల నుంచి పువ్వులు, గళ్ళు, చుక్కల అచ్చు వేసిన సంచులు బజారులోకి వచ్చాయి. నీళ్ళలో నానితే ఊడిపోయే కాగితం లేబుళ్ళు అతికించారు. దాంతో దాణా కొనే తీరే మారిపోయింది. కొట్టుకు వెళ్ళే మొగుడి జేబులో పెళ్ళాం ఒక గుడ్డముక్క పెట్టి పంపేది: ఇదే డిజైన్ ఇంకో రెండు కావాలి. అది గుట్టలో అడుగున ఉంటే పైనున్న వంద పౌన్ల సంచులన్నీ దించాలి. కోళ్ళకు ఏ కంపెనీ దాణా వేయాలో ఆ ఏడాది గౌను రంగు తేల్చేది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బట్టకు కటకట వచ్చినప్పుడు ఈ సంచులే ఆదుకున్నాయి. 1950లు వచ్చేసరికి కాగితం సంచి చవకైంది, నూలు సంచి పోయింది. ఇప్పుడు పాత క్విల్ట్‌లను పరిశీలించేవాళ్ళు ఒక ముక్క సంచిదా కాదా అని తేల్చడానికి అంచులో వరసగా ఉన్న సన్నటి చిల్లుల కోసం వెతుకుతారు. ఊడదీసిన గొలుసుకుట్టు ఆనవాలు అది. ఎన్నిసార్లు ఉతికినా పోదు.

1933లో షికాగో ప్రపంచ ప్రదర్శన సందర్భంగా క్యాటలాగులు పంపి పోస్టులో సరుకులమ్మే సియర్స్ రోబక్ కంపెనీ క్విల్ట్ పోటీ పెట్టింది. మొదటి బహుమతి 1,000 డాలర్లు. మాంద్యం రోజులవి. మొక్కజొన్న ధర ఎంత పడిపోయిందంటే అమ్మడం కన్నా పొయ్యిలో కాల్చుకోవడమే నయమని నెబ్రాస్కా రైతులు కంకులే కాల్చారు. అలాంటప్పుడు వెయ్యి డాలర్లంటే అప్పు తీరి పొలం నిలబడటమే. 24 వేలకు పైగా క్విల్ట్‌లు వచ్చాయి. గెలిచిన క్విల్ట్‌ను పోటీకి పంపినామె దాన్ని తను కుట్టలేదు. కూలికి ఇతర ఆడవాళ్ళ చేత కుట్టించింది. ఆ సంగతి లోకానికి తెలిసింది చాలా ఏళ్ళ తర్వాతే. బహుమతి క్విల్ట్ అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ చేతికి వెళ్ళింది, అసలు కుట్టిన చేతుల పేర్లు వెంట వెళ్ళలేదు. ఇన్ని కుట్లు చూసిన న్యాయనిర్ణేతలకు ఎవరి చేతివో అడగాలని తట్టకపోవడం బాధ కలిగించే విషయం.

మళ్ళీ గ్రేస్ దగ్గరకు. పిల్లలు పెద్దయ్యాకే ఆమె పెద్ద క్విల్ట్‌లు వచ్చాయి. ముక్కల పొద్దు పోయి, కాస్త పొడుగైన పొద్దు చేతికొచ్చింది. ఒహాయో రాష్ట్రంలోని సేలం చైనా కంపెనీ అమ్మే పింగాణీ పళ్ళెం మీద ఒక పూలబుట్ట బొమ్మ ఆమె కంట్లో పడింది. సన్నటి గళ్ళ బట్ట మీద సూదితో గడి గడికీ కుట్టు వేసి చేసే అల్లికను పోలి ఉండేలా ఆ బొమ్మను పళ్ళెం మీద అచ్చు వేశారు. అంటే సూదిపనిని చూసి పళ్ళెం నకలు చేసింది. గ్రేస్ ఆ పళ్ళెంలోని గడి గడినీ మళ్ళీ బట్టలోకి తెచ్చింది. మొదట చెప్పిన 85 వేల ముక్కల క్విల్ట్ ఇదే. రంగుదారంతో కుట్టడం సులువు. ఆమె అలా చేయలేదు. ఒక్కో గడికీ బట్టే వాడింది, త్రికోణం ముక్కలతో. ఎనిమిది ముక్కలు కలిస్తే ఒక తపాలా బిళ్ళంత.

ఇది ఎంత కష్టమో కొంచెం లెక్క వేసి చూడొచ్చు. ఏ ముక్కనైనా పక్క ముక్కతో కలపాలంటే అంచు లోపలికి మడవాలి. ఆ మడత పైకి కనిపించదు. ముక్క పెద్దదైతే ఆ నష్టం లెక్కలోకి రాదు. గోరంత త్రికోణానికి మూడు వైపులా అంచు వదిలితే, కనిపించే బట్ట కన్నా దాగిపోయే బట్టే ఎక్కువ. వెనక్కి తిప్పి చూస్తే అంతా అంచులే, వేలికి గట్టిగా తగిలే అంచులు. ఒక్కో అతుకు దగ్గర దారం మందమంత తేడా వచ్చినా వంద అతుకులు దాటేసరికి వరస వేలెడంత పక్కకు జరుగుతుంది, పువ్వు రేకు ఎక్కడో పడుతుంది. వేల అతుకుల తర్వాత కూడా గ్రేస్ పూలబుట్టలు ఉన్నచోటే ఉన్నాయి. చిన్నప్పుడు ఆవుల వెంట పడిన శిక్షణ ఎంత గట్టిదో అక్కడ కనిపిస్తుంది. ఈ రోజుల్లో సెల్‌ఫోన్ తెర మీది పిక్సెల్ అంటే అందరికీ అర్థమవుతుంది. కంప్యూటర్ ఊసే లేని కాలంలో, కరెంటు రాని పల్లెల మధ్య, ఒక రైతు ఇల్లాలు ఆ పద్ధతిని చేత్తో కుట్టి చూపింది. 1935లో అమెరికా పొలాల్లో పదింట ఒకదానికే కరెంటుండేదని గుర్తుంచుకుంటే, సాయంత్రాలు ఆడవాళ్ళ కళ్ళు ఎంత పని చేశాయో ఊహించుకోవచ్చు.

1980లో క్విల్టర్ల హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే క్విల్ట్ పనిలో గొప్పవాళ్ళ గౌరవ జాబితాలో, ఆమెకు చోటు దక్కింది. అప్పటికి వయసు 98. 1999లో 20వ శతాబ్దపు వంద గొప్ప అమెరికన్ క్విల్ట్‌లను ఎంచినప్పుడు ఆ పూలబుట్టల క్విల్ట్ అందులో ఉంది. అదే నెబ్రాస్కాలో, లింకన్ నగరంలో ఇప్పుడు ఇంటర్నేషనల్ క్విల్ట్ మ్యూజియం ఉంది. 1997లో ఒక దంపతులు ఇచ్చిన సుమారు 950 క్విల్ట్‌లతో మొదలైంది. అందులో దక్షిణాసియా నుంచి తెచ్చిన బొంతలూ ఉన్నాయి. మన ఇళ్ళల్లో అటక మీద పడి ఉండే వస్తువుకు అక్కడ చల్లటి గది, చేతులకు తొడుగులు, వివరాల చీటీ. అమ్మమ్మ కుట్టిన బొంత ఇంట్లో ఉన్నవాళ్ళు కనీసం ఎవరు కుట్టారో, ఏ ఏడాదో, ఏ చీరలతోనో ఒక గుడ్డపేలిక మీద రాసి దానికే కుట్టి పెట్టడం మంచిది. లింకన్‌లో చాలా చీటీల మీద కుట్టిన మనిషి పేరు దగ్గర ‘తెలియదు’ అనే ఉంటుంది.

మ్యూజియంలో చేరినవాటిలో ఎక్కువ భాగం చుట్టాలొస్తే పరిచేందుకు పెట్టెలో దాచినవి. రోజూ కప్పుకున్నవి మిగల్లేదు. పిల్లలు పుట్టారు, జ్వరాలొచ్చాయి, వందసార్లు క్షారపు సబ్బుతో ఉతికారు, చివరికి బంగాళాదుంపల కుప్ప మీద కప్పారు, చలికి కట్టేసిన గుర్రం వీపు మీద వేశారు. మరీ పాడవనివాటికి ఇంకో దారి ఉండేది. దూది కొనే డబ్బు లేని ఏడాది, పాత బొంతను మధ్య పొరగా పెట్టి పైన కొత్త అతుకులు వేసి కుట్టేసేవాళ్ళు. అందుకే కొన్ని పాత క్విల్ట్‌లు మామూలు కన్నా బరువుగా ఉంటాయి. పైబట్ట ఎక్కడైనా చిరిగితే, ఆ చిరుగులోంచి అంతకు ముందు తరం వేసిన గళ్ళూ పువ్వులూ, వాటి మీది సన్నటి టాకాలూ బయటికి కనిపిస్తాయి.